పాడి గృహమున జమాఖర్చులు

హైదరాబాదు నుండి వాడి వైపు సాగు రైలుమార్గమున వికారాబాదు దాటి తాండూరు చేరులోపల నేల రంగు మారును. అనంతగిరి గుట్టల పరిసరములందు ఎర్రనేలలు, అడవి, పచ్చిక బీళ్ళు ఉండగా, తాండూరు దగ్గరపడిన కొలది నల్లరేగడి, దానియందు కందిచేలు, వాని అడుగున నాపరాతి పొరలు కనబడును. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన ఈ ప్రాంతమునకు పేరు తెచ్చినవి ఈ రెండే: కంది, రాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని కంది ఏడాదికొకమారు చేతికి వచ్చు పంట. రాతిగనులలో కూలి దొరకు దినము కలదు, దొరకని దినము కలదు. పది దినములకో పక్షమునకో ఒకమారు తప్పక పైకము తెచ్చునది ఇంటివెనుక కొట్టములోని బర్రె. ఉప్పు, పప్పు, పిల్లల పుస్తకములు, చీటీ కిస్తీలు పెక్కు ఇండ్లలో ఈ పైకముతోనే గడచుచుండును.

అట్టి ఇంటివారిని పాలు లీటరు ఎంతకు పోయుచున్నారని అడిగినచో వెంటనే పైసలతో సహా చెప్పుదురు. ఆ లీటరు తమకెంత పడుచున్నదని అడిగినచో మాత్రము నవ్వి ఊరకుందురు. మరల అడిగినచో, దాణాకు పోగా ఏదో మిగులునందురు. ఆ "ఏదో" ఎంత అన్నదే ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము. ముందుగనే ఒక మాట చెప్పెదము. పాడి లెక్కలో రూపాయలకంటె తేదీలు ముఖ్యము. ఖర్చుల పట్టిక వ్రాయుటకు పూర్వము బర్రె ఈనిన తేదీ, ఎదకు వచ్చిన తేదీ, చూడి కట్టిన తేదీ వ్రాయుట అలవరచుకొనవలెనని మా అభిప్రాయము. ఇది మొదట వింతగా తోచవచ్చును. కారణము లెక్క వేసినపుడు విశదమగును.

పశుపోషణ వ్యయమును గూర్చిన గ్రంథములు పెక్కు అమెరికా, ఆస్ట్రేలియా దేశముల పెద్ద పశుక్షేత్రములను దృష్టిలో నుంచుకొని వ్రాయబడినవి. అచ్చట వందలకొలది ఆవులు విశాలమైన బీళ్ళలో తిరుగుచుండును. అచ్చటివారు అమ్మునది పాలు కాదు, మాంసమునకై పెంచిన దూడ. కావున నూరు ఆవులను ఆబోతుతో కలిపినచో ఎన్ని దూడలు పాలు విడుచు వయస్సు వరకు దక్కినవి, మంద మొత్తముపై పెట్టిన ఖర్చు ఒక్కొక్క దూడకు ఎంత పడినది అన్నదే వారి ప్రథమ ప్రశ్న. మన వద్ద ఇంటికి రెండు మూడు బర్రెలు. లెక్కకు ప్రమాణము లీటరు పాలు. ఇంత భేదమున్నను ఒక్క విషయమున రెండు లెక్కలును కలియును. ఈనని పశువు కూడ తినును. అచ్చట ఈనని ఆవు మేతను ఈనిన ఆవుల దూడలు మోయును; ఇచ్చట వట్టిపోయిన నెలల మేతను పాలిచ్చిన నెలల పాలు మోయవలెను.

పశువుల లెక్క వ్రాయుట నిన్న మొన్న పాశ్చాత్యులు నేర్పిన అలవాటని కొందరు తలంతురు. అది సరికాదు. శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున గోవుల అధ్యక్షునికి ఒక ప్రకరణమే కేటాయింపబడినది. ప్రతి పశువునకు వేసిన ముద్ర, పుట్టుకతో వచ్చిన గుర్తు, రంగు, కొమ్ముల తీరు గ్రంథస్థము చేయవలెననియు, తప్పిపోయిన పశువులను, చనిపోయిన పశువులను వేరుగా లెక్క చూపవలెననియు అందు విధింపబడినది. నేటి చెవి ట్యాగునకు ఆ ముద్ర పూర్వరూపమే కదా! ఇక ఆధునిక కాలమున, 1895లో డెన్మార్కు దేశపు వేయెన్ గ్రామమున రైతులు సంఘముగా ఏర్పడి, ఒక మనిషిని జీతమునకు పెట్టుకొని, అతడు వంతులవారీగా ఒక్కొక్క కొట్టమునకు పోయి ప్రతి ఆవు ఇచ్చిన పాలు, అందలి వెన్న, అది తిన్న మేత వ్రాయునట్లు ఏర్పాటు చేసికొనిరి. మేతను కూడ వ్రాయుట ఇందు గమనింపదగినది. కడవ నింపు ఆవు వేరు, తిన్నదానికి తగినంత ఇచ్చు ఆవు వేరు. ఈ రెండింటిని విడదీసి చూపునది పుస్తకమే గాని కన్ను కాదు.

ఉర్దూ, తెలుగు రెండును చదువు మన విద్యార్థులకు మరియొక సంగతి గుర్తు చేయవలెను. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, కిస్తీ – తెలుగు రైతు లెక్క చెప్పునపుడు వాడు ఈ మాటలన్నియు అరబీ, ఫారసీ భాషల నుండి మన పల్లెలకు వచ్చినవే. నిజాం పరిపాలనలో పట్వారీ చేతి పహాణీలో భూమికి లెక్క ఉండెడిది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో పట్వారీ వ్యవస్థ రద్దయినను పహాణీ అను మాట ప్రజల నోట నిలిచినది. సర్కారుకు శిస్తు రావలసిన నేలకు దస్త్రము పుట్టినది గాని, ఇంటికి దినవెచ్చము తెచ్చు బర్రెకు దస్త్రము పుట్టలేదు. పవిత్ర ఖురానులో అన్నింటికంటె దీర్ఘమైన ఆయతు, సూరా బఖరాలోని 282వది, గడువు పెట్టుకొన్న అప్పును వ్రాసి ఉంచుకొనుటను గూర్చినదే. దాణా దుకాణమున అరువు పెట్టి నెలాఖరున తీర్చు ఇంటికి ఈ ఆదేశము నేరుగా వర్తించును.

ఇక ఖర్చుల సంగతి. మన దేశమున 1954-55 నుండి వ్యవసాయ నిర్వహణ అధ్యయనములు ప్రారంభమైనవి. 1970-71 నుండి పంటల సాగు వ్యయమును లెక్కించు సమగ్ర పథకము సాగుచున్నది. వీనియందు వ్యయమును మెట్లు మెట్లుగా చూతురు. చేతినుండి వెడలిన పైకము, వాడిన సరకు విలువ, పనిముట్ల తరుగుదల మొదటి మెట్టు. సొంత పెట్టుబడిపై వడ్డీ, సొంత నేలకు రాదగు కౌలు తరువాతి మెట్టు. ఇంటివారి శ్రమకు కట్టిన విలువ పై మెట్టు. పాడికిని ఇదే పద్ధతి సరిపోవును.

పాడిలో మొదటి మెట్టుననే కాలు జారును. తాండూరు రైతు తన ఇంటి కంది పొట్టు, జొన్న చొప్ప ఊరక వచ్చినవే యని తలచును. కాని ఆ పొట్టును పొరుగువాడు వెలకట్టి తీసికొనిపోవుటకు సిద్ధముగా నున్నచో, దానిని బర్రెకు వేయుట ఆ వెలను వదలుకొనుటయే. ఊరిలో పలుకు ధరకు దానిని ఖర్చు వ్రాయవలెను. ఎవరును కొననిచో, ఉదాహరణకు గట్టుమీది పచ్చిగడ్డికి, వెల సున్న. దానిని కోసి తెచ్చిన గంటలు మాత్రము శ్రమ క్రింద చేరును. పప్పు మిల్లు నుండి తెచ్చు చున్నీ, దుకాణపు పల్లిచెక్క, పత్తిగింజలు, తవుడు రసీదు ప్రకారము వ్రాయవచ్చును. తూకము విషయమున చిన్న జాగ్రత్త అవసరము. "ఒక గంప", "రెండు కట్టలు" అని వ్రాసిన లెక్క నిలువదు. ఒక్కమారు గంపెడు పొట్టును, చొప్ప కట్టను తూచి, ఆ తూకమును పుస్తకపు అట్ట లోపలివైపు వ్రాసి ఉంచినచో, పిదప గంపలలో వ్రాసినను కిలోలు తెలియును.

పై మెట్టు మరింత చిక్కైనది. పేడ తీయుట, నీరు పెట్టుట, గడ్డి కోయుట, దూడను చూచుట, పాలు పిదుకుట, కేంద్రమునకు చేర్చుట – ఈ పనులలో ఎక్కువ భాగము ఇంటి ఆడువారు చేయుదురు. వారికి కూలి ఇచ్చుట లేదు గనుక ఖర్చు లేదని ఇంటి యజమాని లెక్క. మా లెక్క వేరు. తాండూరు చుట్టుపట్ల రాతి పాలిషు పనిలోనో, కందికోత కాలమున చేలలోనో అదే మనిషికి గంటకు ఎంత కూలి దొరకునో, బర్రె వద్ద గడిపిన గంటకు అదే వెల. గుట్టలవైపు పల్లెలో ఆ వేళ వేరొక పని దొరకనిచో వెల తగ్గవచ్చును, సున్న మాత్రము కాదు. ఈ కారణముననే ఒకే మేత తిని ఒకే పాలిచ్చు రెండు బర్రెలకు రెండు ఊళ్ళలో లీటరు వెల రెండు విధములుగా పడవచ్చును.

ఇప్పుడు లెక్కలోనికి దిగుదము. ఈ క్రింది అంకెలు ఏ సర్వేలోనివియు కావు. పద్ధతి తెలియుటకై మేము ఊహించి పెట్టినవి. పాఠకులు తమ ఊరి ధరలతో వీనిని మార్చుకొనవలెను.

ఒక గ్రేడెడ్ ముర్రా బర్రె ఈనిన తరువాత 300 దినములు సగటున దినమునకు 7 లీటర్ల చొప్పున మొత్తము 2,100 లీటర్లు ఇచ్చునని అనుకొందము. పాలిచ్చు దినమున మేతకు, దాణాకు 220 రూపాయలు, వట్టి దినమున 130 రూపాయలు. మందులు, ఖనిజ మిశ్రమము, బీమా కలిసి దినమునకు 6 రూపాయలు. బర్రెను 90,000 రూపాయలకు కొని, ఆరు సంవత్సరములు ఉంచుకొని, 30,000 రూపాయలకు అమ్మినచో తరుగుదల ఏడాదికి 10,000. సగటు పెట్టుబడి 60,000 రూపాయలపై నూటికి పది చొప్పున వడ్డీ 6,000. ఈ రెండును కలిసి దినమునకు సుమారు 44 రూపాయలు. శ్రమ పాలిచ్చు దినమున 2 గంటలు, వట్టి దినమున 1 గంట; గంటకు 50 రూపాయలు. కొట్టము తరుగుదల ఇందు చేర్చలేదు. తాండూరు బండలు పరచిన నేల తరతరములు నిలుచును, పైకప్పు మాత్రమే మార్చవలసి వచ్చును. (బండల నున్నని వైపు పైకి పరచినందున చూడి బర్రె జారిపడినచో ఆ ఖర్చు ఏ పద్దులో వ్రాయవలెనో మాకు తోచలేదు!)

అన్నియు కూడినచో పాలిచ్చు దినపు ఖర్చు 370 రూపాయలు, వట్టి దినపు ఖర్చు 230 రూపాయలు.

సామాన్యముగ లెక్క వేయువారు 370ని 7తో భాగించి, లీటరు 53 రూపాయలు పడినదందురు. శ్రమను వదలివేయువారు 270ని 7తో భాగించి 39 రూపాయలే యని సంతోషింతురు. పాలు 60 రూపాయలకు పోయుచున్నచో రెండు విధములను లాభమే కనబడును. కాని బర్రె ఏడాది పొడవునా పాలివ్వదు. ఒకమారు ఈనినది మొదలు తిరిగి ఈనువరకు ఒక చక్రము. ఖర్చును ఆ చక్రము మొత్తముపై లెక్కించి, ఆ చక్రమున వచ్చిన పాలతో భాగింపవలెను.

చక్రము 14 నెలలు, అనగా 420 దినములైనచో, 300 పాల దినములకు 1,11,000 రూపాయలు, 120 వట్టి దినములకు 27,600 రూపాయలు, మొత్తము 1,38,600 రూపాయలు. ఇందు పేడ విలువ దినమునకు 8 రూపాయల చొప్పున 3,360 రూపాయలు, దూడ విలువ 5,000 రూపాయలు తీసివేయగా 1,30,240 రూపాయలు. దీనిని 2,100తో భాగింపగా లీటరుకు 62 రూపాయలు పడినది. చక్రము 18 నెలలు, అనగా 540 దినములైనచో వట్టి దినములు 240. మొత్తము ఖర్చు 1,66,200 రూపాయలు. పేడ 4,320 రూపాయలు, దూడ 5,000 రూపాయలు తీసివేయగా 1,56,880 రూపాయలు. లీటరుకు 74 రూపాయల 70 పైసలు పడినది. అదే బర్రె, అదే పాలు, అవే ధరలు. మారినవి తేదీలు మాత్రమే.

ఇంటివారి కూలి వైపు నుండి చూచినచో భేదము మరింత స్పష్టమగును. 60 రూపాయల చొప్పున 2,100 లీటర్లకు 1,26,000 రూపాయలు వచ్చును. 14 నెలల చక్రమున శ్రమ విలువను ప్రక్కన పెట్టినచో నికర ఖర్చు 94,240 రూపాయలు, మిగులు 31,760 రూపాయలు. చేసిన శ్రమ 720 గంటలు. అనగా బర్రె గంటకు 44 రూపాయల కూలి ఇచ్చినది. 18 నెలల చక్రమున మిగులు 11,120 రూపాయలు, శ్రమ 840 గంటలు. గంటకు 13 రూపాయలు. పాల పైకము పాలిచ్చినన్ని దినములు రెండిండ్లకును ఒకే విధముగా వచ్చుచుండును గనుక, ఈ 44కును 13కును గల భేదము పుస్తకము లేని ఇంట ఎన్నటికిని తెలియదు. తల్లి అలసట మాత్రము తెలియును.

బర్రె చూడికాలము సుమారు 310 దినములు. చక్రము 14 నెలలలో ముగియవలెనన్నచో ఈనిన 110 దినములలోపల చూడి కట్టవలెను. 18 నెలలైనదనగా 230వ దినము వరకు కట్టలేదన్నమాట. ఎద సుమారు 21 దినములకొకమారు వచ్చును. ఒక్క ఎదను కనిపెట్టక పోగొట్టుకొన్నచో 21 వట్టి దినములు పెరుగును. మా అంకెల ప్రకారము అది 4,830 రూపాయల నష్టము. ఇంత పైకము జేబునుండి పడిపోయినచో ఇల్లంతయు వెదకుదురు. ఎద తప్పినచో "మళ్ళీ వచ్చును లెమ్ము" అని ఊరకుందురు. బర్రెలలో మూగ ఎద సామాన్యము, వేసవిలో మరింత ఎక్కువ. ఆవువలె అరచి తెలుపక, రాత్రివేళనో తెల్లవారుజామునో కొద్దిపాటి జిగురు తీగలతోను, పాలు కొంచెము తగ్గుటతోను సరిపెట్టును. గత ఎద తేదీ వ్రాసి ఉన్నచో 18వ దినము నుండి కన్ను వేసి ఉండవచ్చును. వ్రాసి లేనిచో ఏ దినమున చూడవలెనో తెలియదు. తెలియనప్పుడు ఎవరును చూడరు. సూది వేయించిన పిదప రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేయించుటయు ఇట్టిదే. కట్టినదని నమ్మి కూర్చున్న బర్రె కట్టలేదని ఆరవ నెలలో తెలిసినచో సగము ఏడాది గడచిపోయినట్లే.

మన ఇండ్లలో తేదీలు ఎవరికిని గుర్తుండవని మేము అనుట లేదు. తల్లులకు అన్నియు జ్ఞాపకముండును. "పీర్ల పండుగకు ఈనింది", "మిరుగుల సూది ఏయించినం", "రంజాన్ నెలల వట్టిపోయింది" అని తడబడకుండ చెప్పుదురు. చిక్కు అచ్చటనే కలదు. కార్తెలు సూర్యగమనము ననుసరించినవి. మృగశిర ఏటేట జూన్ మొదటి పక్షముననే ప్రవేశించును. మొహర్రం, రంజాను నెలలు చంద్రుని అనుసరించి ఏటేట పది పదునొకండు దినములు ముందునకు జరుగుచుండును. ఒక పీర్ల పండుగ నుండి మరియొక పీర్ల పండుగకు సుమారు 354 దినములే. ఒక కొసను కార్తెతోను, ఇంకొక కొసను పండుగతోను కట్టి రెండేండ్ల క్రిందటి సంగతి లెక్కించినచో దాదాపు 22 దినములు, అనగా సరిగా ఒక ఎద, అటో ఇటో పోవును. గోడకు వ్రేలాడు కాలెండరులో రెండు విధములైన తేదీలును ఉండును. ఇంటిలో చదువుకొను కుమారుడో కుమార్తెయో తల్లి చెప్పిన దినముననే అందు ఒక గుర్తు పెట్టి, బర్రె పేరు వ్రాసినచో పని తీరినది. కళాశాల విద్యార్థి ఇంటికి చేయదగిన ఉపకారములలో దీనికి పట్టు సమయము తక్కువ.

పాల విషయమున కేంద్రము ఇచ్చు చీటీలు చాలవరకు పని చేయును. లీటర్లు, వెన్న శాతము, వెన్నేతర ఘనపదార్థములు, ధర వానియందుండును. 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో దాని స్థానమున వచ్చిన సహకార సమాఖ్య, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ సమాఖ్య "విజయ" పేరుతో పాలు సేకరించుచు వచ్చినవి; ప్రైవేటు డెయిరీలును కలవు. ఎవరికి పోసినను చీటీని పారవేయక తీగకు గ్రుచ్చవలెను. అయితే చీటీలో రెండు లోపములు కలవు. ఇంటిలో వాడుకొన్న పాలు, దూడ త్రాగిన పాలు అందు చేరవు. రెండు బర్రెల పాలు ఒకే క్యానులో పోసినచో ఏది ఎంత ఇచ్చినదో తెలియదు. దీనికి నెలకొక దినము రెండు పూటలును ఒక్కొక్క బర్రె పాలు వేరుగా కొలిచి వ్రాయుటయే ఉపాయము. వరుసగా రెండు కొలతల సగటును ఆ నడిమి దినములతో హెచ్చించినచో ఆ నెల పాలు వచ్చును. ప్రతి దినము కొలిచినంత కచ్చితము కాకున్నను ఇంటి లెక్కకు చాలును.

వెన్న శాతమును తేలికగా చూడరాదు. కిలో వెన్నపై ధర కట్టుచోట, నూరు కిలోల పాలలో 7 శాతము వెన్న ఉన్నచో 7 కిలోలకు, 6 శాతమున్నచో 6 కిలోలకు పైకము వచ్చును. అనగా పాలు చుక్క తగ్గకున్నను ఆదాయమున ఏడవ వంతు తగ్గినది. చొప్ప తగ్గించి దాణా పెంచినపుడు పాలు పెరిగి వెన్న తగ్గుట కలదు. చీటీలు వరుసగా పేర్చి చూచినగాని ఇది పట్టుబడదు.

పుస్తకము ఎట్లుండవలెనని అడుగువారు కలరు. రెండు వందల పేజీల నోటుపుస్తకము చాలును. మొదటి పేజీలో ప్రారంభ దినమున ఇంటనున్న పశువులు, వామిలోని చొప్ప, సంచులలోని దాణా, దుకాణమునకు ఉన్న బాకీ వ్రాసి విలువ కట్టవలెను. ఇది లేనిదే సంవత్సరాంతమున మిగిలినది లాభమో, పాత చొప్పయో తెలియదు. పిదప పశువునకొక పేజీ. పేజీ తలమీద చెవి ట్యాగు సంఖ్య. పన్నెండు అంకెల ఈ సంఖ్యపైననే భారత్ పశుధన్ అను జాతీయ దస్త్రమున టీకా, సూది, చూడి వివరములు నమోదగుచున్నవి. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమమున గాలికుంటు టీకాలు వేయునపుడును ఇదే గుర్తు. బీమా చేసిన పశువు మరణించినపుడు ట్యాగు లేనిదే పరిహారము రాదు. ట్యాగు ఊడి పడినచో వెంటనే తెలిపి, క్రొత్తది వేయించి, ఆ సంఖ్యను పేజీలో మార్చవలెను. 2018-19 బడ్జెటుతో కిసాన్ క్రెడిట్ కార్డు పశుపోషకులకును విస్తరింపబడినది. నిర్వహణకు ఎంత పైకము కావలెనని బ్యాంకువారు అడిగినపుడు ఈ పుస్తకము చూపుట నోటిమాట కంటె మేలు. ప్రభుత్వ దస్త్రమున సర్వమును ఉన్నది గదా యని ఇంటి పుస్తకము మానరాదు. ఆ దస్త్రమునకు మేత వెల తెలియదు, ఇంటి ఆడువారి గంటలును తెలియవు.

మన విద్యార్థుల ఇండ్లలో బర్రె లేకున్నను బక్రీదునకు మేకపోతును పెంచువారు ఉందురు గనుక ఒక మాట. దానికి చక్రముతో పని లేదు. కొన్ననాటి బరువు, అమ్మునాటి బరువు, నడిమి దినములు, మేత వెల చాలును. తక్కెడ లేనిచో ఛాతీ చుట్టుకొలతను అంగుళములలో కొలిచి, దానిని దానితోనే హెచ్చించి, శరీరపు పొడవు అంగుళములతో మరల హెచ్చించి, 300తో భాగించినచో బరువు పౌనులలో వచ్చును. చుట్టుకొలత 30, పొడవు 28 అంగుళములైనచో 84 పౌనులు, అనగా సుమారు 38 కిలోలు. నెలకొకమారు కొలిచి పెరుగుదల ఆగిన నెలను కనిపెట్టినచో, ఆ పిదప వేయు దాణా కండకు పోవుట లేదని గ్రహింపవచ్చును.

తిరిగి బర్రె వద్దకు వత్తుము. పుస్తకము వలన తేల్చుకొనదగిన ప్రశ్నలలో కఠినమైనది వట్టిపోయి చూడి కట్టని బర్రెను ఉంచవలెనా, అమ్మవలెనా అన్నది. ఇంటివారు సామాన్యముగ "తొంబది వేలు పోసి కొన్నాము, ఇప్పుడు సగమునకు ఎట్లు అమ్మెదము?" అందురు. ఆ తొంబది వేలు ఉంచినను తిరిగి రావు, అమ్మినను తిరిగి రావు. కావున ఈ ప్రశ్నలో వానికి చోటు లేదు. చూడవలసినది ముందున్న ఖర్చును. నేడే చూడి కట్టినను ఈనుటకు 310 దినములు పట్టును. మేతకు, మందులకు మాత్రమే దినమునకు 136 రూపాయల చొప్పున 42,160 రూపాయలు చుక్క పాలు రాకముందే పెట్టవలెను. శ్రమ దీనికి అదనము. ఈ బర్రె నేడు పలుకు ధరకును, క్రొత్తగా ఈనిన అట్టి బర్రె ధరకును గల తేడా ఈ మొత్తము కంటె తక్కువైనచో మార్చుకొనుట మేలు. ఎక్కువైనచో ఉంచుకొనుట మేలు, చూడి కట్టునన్న నమ్మకమున్నచో. ఆ నమ్మకమునకు ఆధారము ఆ బర్రె పేజీయే: గడచిన రెండు ఈతలలో ఎన్నవ దినమున కట్టినది, ఎన్ని సూదులకు కట్టినది, వేసవిలో ఎద చూపినదా, లేదా. వయస్సు ఆరవ ఈత దాటి, పేజీలో ఎడము ఈత ఈతకు పెరుగుచు వచ్చినచో మేమైతే అమ్ముట వైపే మొగ్గుదుము. రెండవ ఈతది అయి, ఎడము పెరుగుటకు కారణము ఒక వేసవిలో తప్పిన రెండు ఎదలు మాత్రమే యని పేజీ చెప్పినచో, చలికాలము వరకు వేచి, సంత మాట తలపెట్టకుందుము.